ఈరన్న మీద మొలిచిన జొన్న

నేను ఒక గాజు సీసాను. మీ చూపుడువేలంత పొడవు, బొటనవేలంత లావు. కొలిమిలో కరిగి అచ్చులో గడ్డకట్టాక, నేరుగా ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వచ్చిపడ్డాను. అక్కడ ఖాజా అనే ఆయన మమ్మల్ని కడిగి, ఆవిరిలో ఉడికించి, మాలో ప్రాణమున్నదేదీ మిగలకుండా చేసేవాడు. ఆ తరువాత శాస్త్రవేత్త హైమవతి మేడం వచ్చి, ఊపిరి బిగబట్టి, ఎంతో జాగ్రత్తగా మాలో మళ్ళీ ప్రాణం పెట్టేది. మనుషుల ఈ తంతు చూసి మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆదోని దగ్గర ఒక నల్లరేగడి చేనికి వెళ్ళొచ్చాక నవ్వడం మానేశాను.

ఆ ఏడు వాన మధ్యలోనే మొహం చాటేసింది. నన్ను సంచిలో వేసుకుని, వాడిపోతున్న జొన్న చేలు చూసుకుంటూ గట్ల వెంట నడుస్తున్న హైమవతి ఉరుకుందమ్మ చేను దగ్గర టక్కున ఆగింది. మూడెకరాల పైరు మోకాలెత్తులోనే పసుపు తిరిగి గిడసబారింది. నడిమధ్యన మాత్రం ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున, గీత గీసినట్టు ఒక పచ్చటి మడి. అందులో జొన్న మనిషి ఛాతీ ఎత్తున నిలబడి ఉంది.

హైమవతి సంబరంగా మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుకోల తీసింది.

"మేడమ్మా, ఆడ తవ్వొద్దు," అంది వెనక నుంచి ఉరుకుందమ్మ. "ఆడ మా ఆయన ఉండాడు."

తవ్వుకోల గాలిలోనే ఆగిపోయింది.

ఆమె భర్త ఈరన్న జ్వరంతో పోయి రెండేళ్ళు. తనను చేన్లోనే పెట్టమని అడిగాడట. ఆయన పోయాక, ఈ ఏటిదీ కలిపి, రెండు పంటలూ దక్కలేదు. ఇంకొకటి పోతే ఉరుకుందమ్మ చేను బీడు పెట్టి, మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు వలసపోవాల్సిందే.

"మట్టి తిరగేసినందువల్ల కూడా బలం రావచ్చక్కా," అంది హైమవతి తడబడుతూ. "కానీ వేళ్ళ చుట్టూ కంటికి కనబడని సూక్ష్మజీవులు కొన్ని ఉంటాయి. గాలిలోని నత్రజని పట్టి పైరుకిస్తాయి. వేరును సాగనిస్తాయి. ఇక్కడ అవి ఉన్నాయేమో చూడాలి. ఒక్క వేరు చాలు."

"కంటికి కనపడకుండా పనిచేసేదా?" ఉరుకుందమ్మ ఆ మడి వైపు చూసింది. "మా ఆయనా అంతే."

ఈరన్నకు అన్న అయిన గోవిందప్ప గట్టు మీద నుంచి కేకేశాడు. "వాణ్ణి నెమ్మదిగా పండుకోనీయండి! సమాధి మట్టి ముట్టుకుంటారా ఎవరన్నా?"

"పండుకునే మనిషి కాదు బావా," అని ఉరుకుందమ్మే వంగి, ఒక మొక్కను వేరుతో పెకలించి ఇచ్చింది.

ప్రయోగశాలలో నాలో, సూక్ష్మజీవులు పెరగడానికి వాడే ఆకుపచ్చటి మెత్తటి జిగురు పోసి, ఆ వేరు ముక్కను గుచ్చారు. వేరే చేల వేళ్ళతో నా పక్కన ఇరవై సీసాలున్నాయి. మూడో రోజు నా లోపల, జిగురు పైకప్పుకు కొంచెం కింద, తెల్లటి పలచని తెర ఒకటి కట్టుకుంది. తెర చుట్టూ పచ్చదనం నీలంగా మారింది; హైమవతి వెతికేవి ఉన్నాయనడానికి అదే గుర్తట. ఇరవై సీసాలూ పచ్చగానే ఉండిపోయాయి. ఆ తెర కొంచెం కొంచెంగా పైకి జరిగేది. గాలి ఎంత కావాలో వెతుక్కుంటున్నట్టు, ఎవరో లోపల మెల్లగా సర్దుకుంటున్నట్టు ఉండేది నాకు.

"ఇవి బ్యాక్టీరియా, అంతే," అని హైమవతి ఖాజాకు రోజూ చెప్పేది. కానీ ఆ గది తలుపు తెరిచే ముందు గొంతు సవరించుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో పెద్దవాళ్ళున్న గదిలోకి వెళ్ళేటప్పుడు మనుషులు అలా చేస్తారు.

నాలోంచి తీసిన చుక్కను పెంచి పెద్దచేసి, బొగ్గుపొడిలో కలిపి, మళ్ళీ విత్తే అదునుకు ఉరుకుందమ్మ ఇంటికి తెచ్చారు. చూపిద్దామని నన్నూ తెచ్చారు. బెల్లం నీళ్ళలో ఆ పొడి కలిపి విత్తనాలకు పట్టించాలి. సగం చేనుకే పట్టించాలనీ, తేడా తెలియడానికి మిగతా సగం మామూలుగా విత్తాలనీ హైమవతి అంది.

"సగం చేన్లోనే ఉంటాడా ఆయన?" అని ఉరుకుందమ్మ గొణిగింది గానీ ఒప్పుకుంది. గోవిందప్ప వాకిట్లోనే నిలబడి, "రేపు పండే గింజ నోట పెట్టుకోవద్దమ్మా. అది వాణ్ణి తిన్నట్టే," అన్నాడు. ఆమె విత్తనాల్లోకి మోచేతుల దాకా చేతులు దించింది.

నన్ను తనకే ఇమ్మని ఉరుకుందమ్మ అడిగింది. లోపలివి చచ్చేలా బాగా మరగబెట్టమని చెప్పి హైమవతి ఇచ్చింది. ఉరుకుందమ్మ మరగబెట్టలేదు. నన్ను కొంగున ముడేసుకుని చేనికి పోయేది.

అందుకే చెప్పగలను. ఇరవై రోజులు చినుకు లేని ఎండలో, ఆకు కదలని మిట్టమధ్యాహ్నం, మామూలు సగం చప్పుడు లేకుండా ముడుచుకునేది. పొడి పట్టించిన రెండో సగం గలగలమనేది. ఆ గలగల ఆమె నడిచిన సాలు వెంబడే వచ్చేది. ఆమె ఆగితే ఆగేది.

హైమవతి వచ్చి ఒక మొక్క పీకి చూపించింది. వేరు నిండా సన్నటి నూగు, ఒత్తుగా, మట్టి పట్టుకుని. ఉరుకుందమ్మ దాన్ని అరచేత్తో నిమిరింది. "వారం దినాలు గీసుకోకపోతే ఆయన గడ్డం ఇట్లే ఉండేది," అంది. హైమవతి ఏదో రాసుకోబోయి, రాసుకోలేదు.

అద్భుతమేమీ జరగలేదు. మామూలు సగంలో మూడు బస్తాలు, రెండో సగంలో అయిదు. వలస పోకుండా ఉండటానికి అది చాలింది.

కానీ ఆ గింజ ఊళ్ళో ఎవరూ ముట్టలేదు. ఒక పొద్దున ఉరుకుందమ్మ రొట్టె తట్టి, కాల్చి, గడప దగ్గర కూర్చుని తుంచింది. గోవిందప్ప వచ్చి నిలబడ్డాడు. గూట్లోంచి నేను చూస్తున్నాను. ఆమె నమలడం మధ్యలో ఆపి, తల పక్కకు వంచి, విన్నది. తరువాత నవ్వింది.

"ఏమైందమ్మా?" గోవిందప్ప ముందుకు వంగాడు.

"ఏంలేదు బావా. రొట్టె గట్టిగుందని సణుగుతాండాడు."

గోవిందప్ప ఆమె చేతిలోని రొట్టె వైపు చూశాడు. పరిగెడతాడనుకున్నాను. చెప్పులు విడిచి, ఆమె ఎదుట చతికిలబడ్డాడు.

"నాకూ ఒక ముక్క పెట్టు," అన్నాడు. "గట్టు తగాదా అయినప్పట్నించి వాడు నాతో మాట్లాడకుండానే పాయె."

నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా నమిలాడు. ఆయనకు ఏం వినిపించిందో నాకు తెలియదు. ఇంకో ముక్కకు చెయ్యి చాపాడు.