మూడు చుట్ల పసుపు టేపు

లోహాలకు పూత వేసే ఆ ఫ్యాక్టరీలో పెద్దల్లుడు ఇరవై ఏళ్లుగా ఎలక్ట్రీషియన్. చిన్నల్లుడు, అంటే అతని మరదలి మొగుడు, చేరి ఆర్నెల్లు కాలేదు. తోడల్లుళ్లన్నాక పోల్చక మానరు కానీ, ఇక్కడ పోల్చేది అత్తగారొక్కతే కాదు, కరెంటు మీటరు కూడా.

పూత తొట్లకు ఏసీని డీసీగా మార్చి ఇచ్చే మూడు ఫేజుల రెక్టిఫయరు పుణ్యమా అని పవర్ ఫ్యాక్టర్ 0.7 దాటేది కాదు. లాగిన కరెంటులో చాలా భాగం పనికిరాకుండా ఊరికే తిరిగేది. దాన్ని పెంచాలని పెద్దల్లుడు మూడుసార్లు కెపాసిటర్లు పెట్టాడు. మూడుసార్లూ అవి ఉబ్బి పగిలాయి.

"రెక్టిఫయరు కరెంటును కుదుపులు కుదుపులుగా లాగుతుంది అన్నయ్యా. ఆ కుదుపులే కెపాసిటర్లను చంపుతున్నాయి. వాటి ముందు కుదుపుల్ని అడ్డుకునే చోక్ కాయిల్ పెడితే సరి" అన్నాడు చిన్నవాడు.

ఎంత తేలిగ్గా అనేశాడో! పవర్ ఫ్యాక్టర్ పైకెక్కితే ఫోర్‌మన్ వాడేనని యజమాని మాట కూడా ఇచ్చేశాడు. నిన్నగాక మొన్నొచ్చిన కుర్రకుంక చెప్పేదాకా తనకెందుకు తోచలేదని పెద్దల్లుడు కుతకుతలాడిపోయాడు.

యజమాని చూడడానికొచ్చే రోజు పొద్దున్నే, చిన్నవాడు ఫేజుకొకటి చొప్పున పెట్టిన మూడు చోకుల్లో ఒకదాని రెండు కొసలనూ కలుపుతూ తీగ బిగించాడు. ఇక ఆ చోకు ఉన్నా లేనట్టే. కెపాసిటరు ఉబ్బాలి, వాడి ముఖం మాడాలి, అంతే. తన ప్రతి బిగింపుకూ చుట్టే అలవాటు కొద్దీ తీగ కొసలకు మూడు చుట్లు పసుపు టేపు చుట్టాడు.

స్విచ్ వేశారు. మీటరు 0.95 చూపించింది. యజమాని ముఖం విప్పారింది.

"ఏదో గుయ్యిమంటోందే" అంటూ చిన్నవాడు ప్యానెల్ తలుపు తీసి కెపాసిటర్ల మీదికి వంగాడు. ముఖానికీ వాటికీ జానెడు దూరం. పెద్దల్లుడికి మరదలు గుర్తొచ్చింది. ఒక్క అంగలో వెళ్లి మెయిన్ స్విచ్ లాగేశాడు.

"బాగా నడుస్తుంటే ఆపావేం? తోడల్లుడంటే కుళ్లా?" అని యజమాని నిలదీశాడు.

నిజం చెబితే అంతకంటే ఘోరం. చిన్నవాడు ఉబ్బిన కెపాసిటరు చూశాడు, తీగ చూశాడు, పసుపు టేపు చూశాడు. తీగ విప్పి జేబులో వేసుకున్నాడు.

"బిగింపులో పొరపాటు నాదే సార్. అన్నయ్య కనిపెట్టకపోతే నా కళ్లు పోయేవి."

యజమాని పెద్దల్లుడి భుజం తట్టాడు. బతికిపోయానని ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి అతను పళ్లు నూరుకున్నాడు. పవర్ ఫ్యాక్టర్ సంగతి సరే, పోనీ. మంచితనంలోనూ వీడిదే పైచేయి కావాలా అనుకున్నాడు.