కుడిచేతి సుద్దముక్క

తపాలా శాఖలో ఆమెను అందరూ బొమ్మలమ్మాయి అనే పిలుస్తారు. స్టాంపులకి బొమ్మలు గీసేది ఆమే. ఇంజనీరింగ్ యూనివర్సిటీ చరిత్ర మీద స్మారక స్టాంపు వేయాలన్నప్పుడు, దాన్ని స్థాపించిన పెద్దాయన పాత ఫొటో ఒకటి ఆమె బల్ల మీదికి వచ్చింది. ఆయన బ్లాక్‌బోర్డు ముందు నిలబడి ఏదో రాస్తున్నారు. రెండో చెయ్యి కోటు జేబులో ఉంది. అంతా బాగానే ఉంది గానీ, ముఖం అంచువైపు, బయటికి చూస్తోంది. స్టాంపు మీద మనిషి ముఖం లోపలికి, వెల అంకె వైపు చూడాలన్నది వాళ్ళ పనిలో పాత పద్ధతి. బయటికి చూస్తే మనిషి స్టాంపు దిగి వెళ్ళిపోతున్నట్టుంటుందట. అందుకని బొమ్మను కుడి ఎడమలు తిప్పేసింది. బోర్డు మీది రాతలు అంత చిన్న కాగితంలో పట్టవని ముందే చెరిపేసింది కనక, తిప్పిన సంగతి ఎవరికీ తెలియలేదు. యూనివర్సిటీ కమిటీవాళ్ళు పేరులో అక్షరాలు సరిచూసుకున్నారు, చిహ్నం సరిచూసుకున్నారు, భేష్ అన్నారు. షీట్లు అచ్చయిపోయాయి.

ఇవాళ ఆ షీట్ల కట్ట చంకన పెట్టుకుని యూనివర్సిటీలో జరిగే స్టాంపు విడుదల సభకి ముందుగానే వచ్చింది. హాలెక్కడో తెలియక వరండాలన్నీ తిరిగి తిరిగి చివరికి వర్క్‌షాప్‌లో తేలింది. అక్కడ కొత్తగా చేరిన విద్యార్థులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి కుడిచెయ్యి వెనక్కి పెట్టి చేతిరుమాలుతో కట్టేశారు. ఎడమచేత్తో బోర్డు మీద ఎవరి పేరు వాళ్ళు రాస్తున్నారు, కోడి కెలికినట్టు. ఇదేం శిక్షండీ అని నవ్వుతూ అక్కడి మాస్టారిని అడిగింది. శిక్ష కాదు, మొదటిరోజు ఆనవాయితీ అన్నాడాయన. స్థాపకుల కుడిచేతిని అదిగో, ఆ మూలనున్న లేత్ యంత్రమే మింగేసిందట. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన ఖాళీ కోటుచేతిని జేబులో దోపుకుని ఎడమచేత్తోనే రాశారట. యంత్రం ముందు ఏమరుపాటు ఎంత పని చేస్తుందో పిల్లలకి ఒంటబట్టాలని ఇలా రాయిస్తారట.

బొమ్మలమ్మాయి నవ్వు ముఖం మీదే ఆరిపోయింది. జేబులో చెయ్యి పెట్టుకున్న దర్జా అనుకుంది తను! అక్కడ అసలు చెయ్యే లేదు. తన స్టాంపులో మాత్రం ఆయన ఆ పోయిన చేత్తోనే సుద్దముక్క పట్టుకుని హాయిగా రాస్తున్నారు.

కొంప మునిగింది. కిందటేడు పిట్ట కాలికి ఒక వేలు తక్కువ గీసినందుకే ఆఫీసరు అందరి ముందూ గడ్డి పెట్టి, ఇంకోసారి ఇలాంటిది జరిగితే ఇంటికి పోవడమేనన్నాడు. పిట్ట వేలికే అంత రాద్ధాంతమైతే మనిషి చేతికి ఊరుకుంటాడా? ఫ్యాక్టరీ మూతపడి భర్త ఇంట్లో కూర్చున్నాడు. పొయ్యి వెలిగేది ఈ ఉద్యోగం మీదే. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉంటే పోలా అనుకుంది. కమిటీయే కనిపెట్టలేదు, ఇంకెవరు చూడొచ్చారు? అనుకుంది గానీ, చూస్తారని ఆమెకీ తెలుసు. ఆ బోర్డు మీద ఎడమచేత్తో పేరు రాసిన ప్రతివాళ్ళూ చూస్తారు. అందరికంటే ముందు, స్టాంపు విడుదల చేయడానికి వచ్చిన స్థాపకుల కూతురు చూస్తుంది, నిండు సభలో. ఆ పెద్దావిడ ముఖం ఎలా మారిపోతుందో బొమ్మలమ్మాయికి అప్పుడే కళ్ళకి కట్టింది.

ఆవిడ హాలు పక్కగదిలో ఒక్కతే కూర్చుని ఉంది. ఇంత దూరం కాళ్ళెలా మోసుకొచ్చాయో గానీ బొమ్మలమ్మాయి వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది.

“అమ్మా, తప్పు చేశాను,” అంది.

షీటు ఒకటి ఆవిడ ఒళ్ళో పెట్టి, బొమ్మ తిప్పిన సంగతీ, జేబు సంగతీ తడబడుతూ చెప్పుకొచ్చింది. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, షీటును కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకు చూసింది. చూస్తూనే ఉంది. తిట్టదేం, అరవదేం అని బొమ్మలమ్మాయి ప్రాణం కొట్టుకుపోతోంది. తిడితే అయినా కాస్త బాగుండును.

“నేను పుట్టేసరికే నాన్నకి ఈ చెయ్యి లేదమ్మా,” అంది ఆవిడ చివరికి. “ఎలా ఉండేదో ఎప్పుడూ చూళ్ళేదు. దీంతో రాస్తే ఇలా ఉండేవారన్నమాట.”

బొటనవేలితో ఆ చేతిని నిమిరింది. బొమ్మలమ్మాయికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపుతోపాటు, సిగ్గు లేకుండా, చిన్న ఆశ కూడా పుట్టింది. ఈవిడే ఏమనకపోతే ఇక లోకానికేం పట్టింది!

ఆవిడ షీటులోంచి ఒక్క స్టాంపు జాగ్రత్తగా చింపి చేతిసంచిలో పెట్టుకుంది. మిగతా షీటు తిరిగి ఇచ్చేసింది.

“ఇది నాకు. మిగిలినవి బయటికి పోనివ్వకు తల్లీ. ఆ చెయ్యి పోలేదని చెప్పే బొమ్మ ఈ పిల్లలకి కనబడకూడదు. వెళ్ళి మీ ఆఫీసరుతో చెప్పు.”

“ఉద్యోగం పోతుందమ్మా.”

“పోవచ్చు,” అంది ఆవిడ. చల్లటి చేత్తో బొమ్మలమ్మాయి మణికట్టు గట్టిగా పట్టుకుని, కాసేపటికి వదిలేసింది.

హాల్లో అప్పటికే జనం నిండిపోయారు. ఆఫీసరు వేదిక మెట్ల దగ్గర ఎవరితోనో చేతులు కలుపుతూ నవ్వుతున్నాడు. బొమ్మలమ్మాయి షీట్ల కట్టను గుండెకి అదుముకుని, జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి ఆయనకి అడ్డంగా నిలబడింది.

“సార్, వీటిని విడుదల చెయ్యొద్దు,” అంది.