పిలిస్తే గాని రాని దొర

నిద్ర మానుకుని, కళ్ళు పోగొట్టుకుని నేను పుట్టించిన మగాణ్ణి పట్టుకుని మా వీధి వీధంతా ఆరోక్కియరాజ్ అనేసింది. ఇంతకంటే అన్యాయం ఇంకొకటి ఉంటుందా?

నా పేరు సత్య. రాజపాళయంలో నైటీలు కుడతాను. మొగుడు పోయి చాలాకాలమైంది. నేనూ మా అత్త పాపాత్తీ ఒక ఇంట్లో ఉంటాం. మా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, చదివేదీ రాసేదీ అరవం. అందుకని నా నవల కూడా అరవంలోనే, ఫోన్లో ఒక కథల యాప్‌లో వారం వారం వస్తుంది. దాని పేరు 'రాత్రి దొర'. నాయకరాజుల కాలంనాటి కథ. దొర గుర్రపు దళానికి నాయకుడు. యుద్ధంలో చచ్చీ చావక, నెత్తురు తాగే కాటేరి అయిపోయి రాత్రుళ్ళు తిరుగుతుంటాడు. పాళెగాడి కూతురు అలర్మేలు మీద మనసు పడతాడు. ఆమె జడ పక్కకు తొలగించి, మెడ మీద పెదవులు ఆనించి, కొరకాలా ముద్దు పెట్టాలా తేల్చుకోలేక ఒక అధ్యాయమంతా అట్లాగే ఉండిపోతాడు. ఆ అధ్యాయం కింద ఆడవాళ్ళు రాసిన మాటలు చదివితే నాకే ఒళ్ళు వేడెక్కింది. మదురై నుంచి ఒకావిడ, 'సిస్టర్, మా ఆయన్ని తీసుకుని దొరని ఇస్తారా' అని అడిగింది.

మా అత్తకు చదువు రాదు. ఫోను చదివి వినిపిస్తుంటే మంచం మీద కూర్చుని వింటుంది. వారానికి ఒకటే వస్తుందంటే ఒప్పుకోదు. "ఆ పిల్లకు ఏం పొగరే? వాకిట్లో అంతసేపు నిలబడి ఉండాడు పాపం, లోపలికి రమ్మంటే దాని సొమ్మేం పోతాది?" అని అలర్మేలును తిట్టి పోస్తుంది.

ఇట్లా హాయిగా సాగుతున్న నా బతుకులో నిప్పులు పోసింది వల్లియమ్మాళ్. మా వీధి మొగదల ఇడ్లీ కొట్టు ఆమెది. ఒక పొద్దున ఇడ్లీలకు పోతే పళ్ళన్నీ బయటపెట్టి, "ఏమమ్మా సత్యా, దొర బాగుండాడా?" అంది.

బాగున్నాడు, ఈ వారం కోట గోడ ఎక్కుతాడు అన్నాను. సంతోషంగానే అన్నాను, పిచ్చిదాన్ని.

"అది సరి. వీధిలో వాణ్ణి తెచ్చి కథలో పెడితే ఎట్లామ్మా? పాపం, ఆ మేరి ఏమయ్యేది?"

నాకు అర్థం కాలేదు. మేరి మా వెనక, కిరస్తానీల వీధిలో ఉంటుంది. నేను కుట్టిన నైటీలకు గుండీలు వేసి ఇస్తుంది. ఆమె మొగుడు ఆరోక్కియరాజ్ నూలు మిల్లులో ఫిట్టరు.

"ఏమీ తెలీనట్టు చూస్తావే! పగలంతా పండుకుంటాడు, పొద్దు పోయినాక బయలుదేరతాడు. కండ్లు ఎర్రగా, మొగం పాలిపోయి. అంతా నువ్వు రాసినట్టే ఉండాది. రెప్పల మీద మంచు అని రాసినావు కదా, రాజపాళయంలో మంచు ఏదమ్మా? అది పంజు!"

పంజు అంటే మా వైపు దూది. రాత్రి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు ఆరోక్కియరాజ్ తల, మీసం, రెప్పలు దూదితో తెల్లగా ఉంటాయి, నిజమే. మిల్లులో పనిచేసే ప్రతివాడూ అట్లాగే ఉంటాడు. అంతమాత్రాన అందరూ నా దొరలేనా? నా దొర ఆరడుగుల మనిషి, గుర్రం మీంచి దిగితే నేల అదురుతుంది. ఆరోక్కియరాజ్ నా భుజం దాకా వస్తాడు, సైకిల్ మీద తిరుగుతాడు.

ఆ మాటే అన్నాను. వల్లియమ్మాళ్ గరిటె ఊపుతూ, "ఎవరినీ చూడకుండా అట్లాంటివి రాసేది అవుతాదా? అదీ మొగుడు లేనిదానివి" అంది.

అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. కథలో నేను యుద్ధం రాశాను. ఏ యుద్ధానికి పోయానని ఎవరైనా అడిగారా? గుర్రాలను రాశాను. నేను దగ్గరగా గుర్రాన్ని చూసింది పెళ్ళి ఊరేగింపులో ఒక్కసారి. దాని సంగతీ ఎవరూ అడగలేదు. ముద్దు రాస్తే మాత్రం ఎవడు నేర్పాడని అడుగుతారు. మొగుడు పోతే ఊహ కూడా వాడితో పాటు కాటికి పోవాలా?

ఇడ్లీల గిన్నె అక్కడే పెట్టి, నడివీధిలో నిలబడి, ఆ చివరికీ ఈ చివరికీ వినబడేట్టు అరిచాను.

"పోయి పోయి ఆరోక్కియరాజా? నా బుద్ధికి అంత కరువు వచ్చినాదా? మిషను చెడిపోతే వచ్చి బాగుచేసి పోతాడు, అంతే! అది కూడా మేమే మిషను మోసుకొచ్చి అరుగు మీద పెడతాం. ఇన్నేళ్ళలో ఆయన కాలు మా గడప తొక్కిందే లేదు. కావాలంటే మా అత్తనడగండి!"

వల్లియమ్మాళ్ ఇడ్లీ పాత్ర మూత తీసి అందులోకి తల దూర్చింది. బాగా బుద్ధి చెప్పానని మీసం లేకపోయినా మెలేసుకుంటూ ఇంటికి వచ్చాను.

మధ్యాహ్నం ఆరోక్కియరాజ్ మా అరుగు కింద వచ్చి నిలబడ్డాడు. నిద్రపోవలసిన వేళ. కళ్ళు రోజుకంటే ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, మేరి పోయినాది. తళవాయిపురం, వాళ్ళమ్మ ఇంటికి. పిల్లను కూడా పిలుచుకొని పోయినాది. ఇంక రానంటాది. ఏమని అడిగితే సత్యక్కనడుగు అంటాది." కళ్ళు నలుపుకున్నాడు. "మీరు ఏం రాసినారో నాకు తెలీదక్కా. నేనెప్పుడు చదివేది? మీరు ఒక మాట చెబితే వింటాదేమో."

జాలి వేసింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. వల్లియమ్మాళ్ అంటే నోటి దురద మనిషి. మేరికి ఏమైంది? ఇన్నేళ్ళుగా నన్ను చూస్తోంది, ఒక్క ఇడ్లీ కొట్టు మాటకు మొగుణ్ణి వదిలేసి పోతుందా? అత్త వద్దంటున్నా వినకుండా బస్సెక్కాను. మేరిని నాలుగు దులిపి, దేవుడి మీద ప్రమాణం చేసి, సాయంత్రానికి తీసుకొచ్చేయాలనుకున్నాను.

తళవాయిపురంలో మేరి వాళ్ళమ్మ ఇల్లు ఒక్క గది. మేరి తలుపు దగ్గర నన్ను చూసి, మొగం గంటు పెట్టుకునే, "లోపలికి రా అక్కా" అంది. కుర్చీ లాగి వేసింది, ఫ్యాను నా వైపు తిప్పింది, కాఫీ తెచ్చి చేతికిచ్చింది. తను ఎదురుగా నిలబడింది.

నేను మొదలుపెట్టాను. "మేరీ, నీ బిడ్డ మీద ఒట్టు. మీ ఆయనకూ నాకూ..."

"ఒట్టు వేణాం అక్కా, వద్దు. ఏమీ లేదని నాకు తెలీదా?"

"మరి ఎందుకు వచ్చేసినావు?"

"నువ్వు అరిచినావు కదా, అది విని వచ్చినాను. అప్పుడు నేను ఆ పక్కనే కొళాయి దగ్గర ఉంటిని."

కాఫీ చేతిలోనే ఉండిపోయింది. "మీ ఆయన మీద మచ్చ లేదని కదమ్మా అరిచినాను!"

"మచ్చ లేదనా? మా ఆయనే మచ్చ అన్నట్టు అరిచినావు. పోయి పోయి ఆరోక్కియరాజా అంటివి. ఆయనకు ఏం తక్కువ? కాలు గడప తొక్కలేదని గొప్పగా చెప్పినావు. ఎందుకు తొక్కలేదు? మోటరుతో ఎంత బరువు ఉంటాది ఆ మిషను! నువ్వూ పాపాత్తమ్మా నడుము విరిగేట్టు మోసుకొచ్చి బయట పెడతారే, ఆయన రెండు అడుగులు లోపలికి వస్తే ఏం పోతాది? నా గుండీల కట్టలు కూడా అరుగు మీదే. వానలో తడిసినా అరుగు మీదే."

"ఆయనే రాడు. ఒళ్ళంతా పంజు అని..."

"పిలిచినావా?"

నేను చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాను.

"నీ కథ నేను ఒక్క వారం విడవలేదక్కా. ఆ కాటేరి ఎంతమంది నెత్తురు తాగినాడు! అయినా వాడికి ఎంత మర్యాద, పిలిస్తే గాని గడప దాటడంట. అలర్మేలు ఎప్పుడు పిలుస్తాదా అని ఊరంతా ఎదురు చూస్తాది. చచ్చిన పిణాన్ని పిలవొచ్చు. బతికి ఉండే మా ఆయన్ని పిలవకూడదు, అంతే కదా?"

"ఆ రూలు నేను పెట్టింది కాదు" అన్నాను, నాకూ రోషం వచ్చి. "ఏ దేశంలో రాసినా నెత్తురు తాగేవాళ్ళకు అదే రూలు."

"దయ్యాలకు ఆ రూలు ఎవరు పెట్టినారో నాకు తెలీదు. మాకు పెట్టింది ఎవరు?"

ఆమె ఏడవలేదు. కొంగుతో మొగం తుడుచుకుని, నేను తాగిన గ్లాసు తీసుకుంది.

"నేను ఆ వీధిలో మళ్ళీ తల ఎత్తుకొని నడవాలంటే, నువ్వు ఎక్కడ నిలబడి అరిచినావో అక్కడ అందరూ చూస్తా ఉండగా ఆయన్ని ఇంట్లోకి పిలువు. పిలిస్తే ఫోన్ చెయ్యి. లేదంటే పిల్లను ఇక్కడే బళ్ళో చేరుస్తా."

తిరుగు బస్సులో నా కోపానికి చోటు దొరకలేదు. మేరి మీద పెట్టుకున్నాను, ఇంత మాట అంటుందా అని. అది నిలవలేదు. వల్లియమ్మాళ్ మీద పెట్టుకున్నాను, అదీ నిలవలేదు. చివరికి నా మీదే నిలిచింది. దాంతో ఇంకా ఒళ్ళు మండింది. ఇంటి ముందు బస్సు స్టాపు లేదని డ్రైవరును తిట్టి దిగాను.

అత్తతో విషయం చెప్పాను. ఆమె మంచం మీంచి లేచి వచ్చి కుర్చీలో కూర్చుంది. గట్టిగా ఏదైనా చెప్పాలంటే అట్లా కూర్చుంటుంది.

"లోపలికా? ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకే? నలుగురూ ఏమంటారు?"

"అత్తా, ఆ కాటేరిని పడగ్గదిలోకి పిలవమని వారం వారం నా ప్రాణం తీస్తావే! ఆరోక్కియరాజ్‌ను ముందు గదిలోకి పిలిస్తే నీకు ఏం వచ్చె?"

"అది కథే!"

"కథలో అయితే నీకు ఎంత దయ!"

అత్త మూతి తిప్పుకుంది. నేను బయటికి పోయి నడివీధిలో నిలబడ్డాను. వల్లియమ్మాళ్ సాయంత్రానికి పిండి కలుపుతోంది. వెనక వీధి వైపు తిరిగి, పొద్దున అరిచిన గొంతుతోనే అరిచాను.

"ఆరోక్కియరాజ్! మా ఇంటికి రా అప్పా!"

పనిముట్ల సంచి చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు. అరుగు కింద ఆగి, "మిషను తెండక్కా, చూస్తాను" అన్నాడు.

"మిషనుకు ఏమీ కాలేదు. నువ్వు లోపలికి రా."

"వేణాం అక్కా. ఒళ్ళంతా పంజు..."

"స్నానం చేసి వచ్చినావు, నీళ్ళు కారతా ఉండాయి. రా అంటే!"

వీధిలో ఒక్కరూ కదలలేదు. పిండి చేత్తోనే వల్లియమ్మాళ్ నిలబడిపోయింది. ఆరోక్కియరాజ్ నా వంక చూశాడు, తలుపులోంచి మా అత్త వంక చూశాడు. సంచి అరుగు మీద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. చెప్పులు వీధిలోనే విడిచి, తల గుమ్మానికి తగలకపోయినా వంచి, లోపలికి వచ్చాడు.

నాకు ఏడుపొచ్చింది. అది అతనికి కనబడకుండా మేరికి ఫోన్ చేశాను.

"వచ్చినాడా?" అంది.

"వచ్చినాడు."

"ఎక్కడ కూసున్నాడు?"

తిరిగి చూశాను. తలుపు పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నాడు, సంచి ఒళ్ళో పెట్టుకుని. ఇంట్లో ఉన్నది ఒకటే ప్లాస్టిక్ కుర్చీ. అందులో మా అత్త.

"అక్కా, ఎక్కడ?" అని మళ్ళీ అడిగింది మేరి.

"అత్తా, లెయ్యి" అన్నాను.

అత్త నన్ను చూసింది, ఫోనును చూసింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. ఏమనుకుందో, కొంగుతో కుర్చీ ఒకసారి తుడిచి, మంచం దగ్గరికి పోయింది. "కూసో అబ్బాయా" అంది, అటు తిరిగే. అతను కూర్చోలేదు. ఫోను అతని చెవి దగ్గర పెట్టాను. మేరి ఏమి చెప్పిందో నాకు వినబడలేదు, ఆరోక్కియరాజ్ రెండుసార్లు "సరి" అన్నాడు, వచ్చి కూర్చున్నాడు.

ఫోను నా చెవికి పెట్టుకున్నాను.

"సరి అక్కా, బస్సుకు బయలుదేరతా ఉండాము" అంది మేరి. ఇప్పుడు గొంతులో నవ్వు ఉంది. "పోయే ముందు ఒకటి చెప్పు. నీ దొర మా ఆయనా, కాదా?"

"కాదు మేరీ. దొర అయితే ఒక్క పిలుపుకే వచ్చి మంచమెక్కుతాడు. మీ ఆయన ఇంకా కుర్చీ అంచు మీదే ఉండాడు."