తారికిచ్చిన వరం

పెద్దవంగర దాటాక పత్తి చేల పక్కన రేకుల కప్పుతో చిన్న మందిరం ఉంది. ఆదివారం వస్తే తారి తన అత్త సోమ్లిని వెంటబెట్టుకుని తండా నుంచి నడిచి వచ్చేది. సోమ్లికి డెబ్బై దాటాయి. లంబాడీ తప్ప మరో భాష తెలియదు. తారికి చదువు రాదు కానీ, అంగట్లో కూరగాయలు అమ్మీ అమ్మీ తెలుగు గలగలా వచ్చేసింది. అందుకే పాస్టరు అబ్రహాం వాక్యం చెబుతుంటే, వెనక చాప మీద కూర్చుని ఒక్కో మాటా అత్త చెవిలో తమ భాషలో చెప్పేది. రానురాను తండా ముసలమ్మలు మరో ముగ్గురు ఆ చాప మీదికే జరిగారు. గుసగుస కాస్తా పెద్దదైంది.

పాటలు ఎత్తుకునే సులోచనకు అది గిట్టలేదు. "జర నోరు మూసుకోరాదే తారీ! దేవుని మందిరమా, అంగడా గిది?" అంది ఒకరోజు అందరి ముందే.

తారికి తల కొట్టేసినట్టయింది. పై ఆదివారం పెదవి విప్పలేదు. సోమ్లి మోచేత్తో పొడిచింది, కొంగు పట్టి లాగింది. తారి తల ఎత్తితే ఒట్టు.

ఆ రోజే అబ్రహాం ఆత్మీయ వరాల గురించి చెప్పాడు. దేవుడు ఎవరినీ ఒట్టి చేతులతో పంపలేదని, ఇచ్చిన దానితోనే ఆయన సేవ చేయాలని చెప్పి, ఎవరికి ఏ వరం ఉందో ఒక్కొక్కరినీ అడగసాగాడు. సులోచన పాట అంది. పోచయ్య డోలక్ అన్నాడు. వంతు తారి దాకా వచ్చింది.

"నాకేం వరం లేదు అయ్యగారూ. పాట రాదు, చదువు రాదు. ఊడ్వమంటే ఊడుస్త," అంది తారి.

అంతలో సోమ్లి లేచి నిలబడి, చేతులు తిప్పుతూ తన భాషలో గట్టిగా ఏదో అడిగింది.

"ఏమంటాంది అవ్వ?" అన్నాడు అబ్రహాం.

తారి నసిగింది. "ఇయ్యాల దేవుడు నాతోని ఎందుకు మాట్లాడలేదని అడుగుతాంది. నేను చెప్తెనే ఆమెకు తెలుస్తది. ఇయ్యాల చెప్పలే."

అబ్రహాం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాలుగేండ్ల నుంచి వీళ్లకు నేను చెప్తున్న అనుకున్న. చెప్పింది నువ్వా బిడ్డా! ముందటికి రా. నా పక్కన నిలబడు."

కొంగు సర్దుకుని వెళ్లింది తారి. ఆయన ఒక మాట చెప్పి ఆగేవాడు, ఆమె అందుకునేది. 'కృప' దగ్గర చిక్కుపడింది. కాసేపు ఆలోచించి, అత్త వైపు చూస్తూ ఏదో అంది. ముసలమ్మలు పకపకా నవ్వారు, ఆ వెంటనే కళ్లొత్తుకున్నారు.

"ఏం చెప్పినవ్?"

"అలిగిపోయిన కోడలు మళ్లొస్తే, అత్త ఒక్క మాట అడగకుండ పళ్లెంల బువ్వ పెట్టుడు అని చెప్పిన."

"ఇరవై ఏండ్లాయె నేను చెప్పవట్టి. గింత మంచిగ ఎన్నడు చెప్పలే," అన్నాడు అబ్రహాం.

చివర్లో ఆయన సోమ్లిని ప్రార్థన చేయమన్నాడు. ఆ మందిరంలో ఆమె గొంతెత్తి ప్రార్థించడం అదే మొదలు. ఈసారి తారి తెలుగులో చెప్పింది.

"అయ్యగారి గొంతు అరిగిపోకుండ చూడు దేవా. సులోచన పాట మంచిగుంటది, ఆమెకు ఇంకిన్ని పాటలియ్యి. నా కోడల్ని తిట్టింది గని, నేను ఇంటికి పోయే తొవ్వలనే మాఫ్ చేసిన."

సులోచన ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. సోమ్లి ఇంకా చెబుతూనే ఉంది, తారి మాత్రం ఆగిపోయింది.

"ఆపినవేంది?"

"గది నా గురించి అయ్యగారూ."

"అయితేంది? ఒక్క మాట గూడ మింగొద్దు."

తారి అత్త వైపు చూసింది. "ఈ పిల్ల నోరు సల్లగుండాలె అంటాంది."

అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా, సులోచన "ఆమెన్" అంది.