నీరు పోసిన దిక్కు

వైశాఖమాసపు మధ్యాహ్నవేళ ప్రచండసూర్యకిరణసంతప్తములైన రేకుకప్పులక్రింద సుత్తుల చప్పుడు సైతము మందగించి, దూరమందలి కొండవరుసలమీద గాలి యించుకయు గదలక, సాలూరు పట్టణమందలి లారీషెడ్లపేట సమస్తమును చెమటలో మునిగియుండెను. ఆ వేళ నీడ వెదకికొని నడుము వాల్చని మనుజు డొక్కడే. అతడు సన్యాసిరావు. ముప్పదియేండ్లుగా ఇంజనులను విప్పి బిగించుటయే బ్రతుకుగా గల యా నిపుణుడు తన షెడ్డు ముంగిట నిలిచి గౌరునాయుడను లారీయజమానుని రాకకై కన్నులు కాయలు గాయునట్లు చూచుచుండెను.

గౌరునాయుడు ఘాటీదారిన ఒడిసాదేశమునకు సిమెంటు తోలుకొని బ్రతుకువాడు. నెలక్రిందట సన్యాసిరావు ఆతని లారీయింజనును నిలువునా విప్పి, మరల గూర్చి పునర్జన్మ మొసగెను. కాని యేమి లాభము? కొండ యెక్క మొదలిడినంతనే వేడిముల్లు ఎర్రగీటు దాటి, రేడియేటరు బుసలుకొట్టి, బండి నడిదారిలో నిలిచిపోయెను. సన్యాసిరావు వేడి కొలదిగా నీటిని విడుచు థర్మోస్టాటు మార్చి, గొట్టములు బిగించి, నీరు నిండుగా నింపి పంపెను. బండి రెండవమారును మరిగెను. ముసలివాని చేయి తప్పినదని టీదుకాణములయొద్ద నవ్వులు మొదలయ్యెను. తవిటినాయుడను పెద్దమనిషి లారీయజమానులను గూడగట్టి, ఆ బండి మూడవమారు మరిగెనేని యిక నొక్క లారీయు సన్యాసిరావు షెడ్డు గడప ద్రొక్కరాదని తీర్మానము చేయించెను. కూడు పోవునను దిగులు సన్యాసిరావునకు లేదు. పేరు పోవునను తలపే యాతని నిదురకు దూరము చేసెను. అతడు గర్వి యని యెల్లరు నందురు. నిజమే. ఆ గర్వమును తన రెండు చేతులతో సంపాదించుకొనినవానిని మనము తప్పుపట్ట నేల?

అంతలో గౌరునాయుడు లారీని దెచ్చి షెడ్డులో నిలిపెను. నిందింపక, నిష్ఠురమాడక, జరిగినది జరిగినట్లు చెప్పెను.

“ఘాటీ మొదట్లోనే మరిగిపోతంది మావా. బండాపి, సల్లారబెట్టి, మూత తీసి నీళ్లు పోత్తే బుడబుడమని గాలి పైకొత్తాది. ఆ తరవాత కొండమీద సుంకి ఊరి దాకా ముల్లు కదల్దు.”

సన్యాసిరావు ఆ మాట విని కొయ్యబారిపోయెను. నీరు అదియే, రేడియేటరు అదియే. త్రోవప్రక్క పోసిన నీటికి లొంగిన యింజను తన చేతినీటికేల లొంగదు? ఘాటీలో బండిమూతి యెత్తున నుండును. మరి తన షెడ్డులోనో?

ఆతని షెడ్డున తండ్రినాటి యాచార మొకటి కలదు. బాగుచేసిన బండిని తూర్పుమొగముగా నిలిపి, పసుపుకుంకుమలు దిద్ది, కొబ్బరికాయ కొట్టి, తొలినీరు పెద్దవాడే స్వహస్తమున పోయవలెను. గడచిన వర్షాకాలమున రోడ్డు ఎత్తు పెంచుటచే పడమటనుండి వాననీరు షెడ్డులోనికి జొచ్చుచుండగా, సన్యాసిరావు ఆవైపున గ్రావెలు పోయించి మెరక చేయించుకొనెను. మెరక జ్ఞాపకమున్నది. ఆచారమును జ్ఞాపకమున్నది. ఈ రెండింటిని కలిపి మాత్ర మేనాడు నాలోచింపలేదు. అతడు చెంబెడు నీరు నేలపై వంచెను. నీరు జరజర తూర్పునకు పరుగెత్తెను.

“మూతి పల్లానికెట్టి నీళ్లు పోసినాను నాయుడా. లోపలి గాలి ఇంజను ఎనకెత్తుకి పోయి కూకుండిపోనాది. పడమటకి తిప్పు.”

బాగుచేసిన బండికి పడమటిమొగము కీడని గౌరునాయుడు వెనుకాడెను.

“తూరుపూ పడమరా మనకే. గాలికి ఎత్తొక్కటే తెలుసు,” అని సన్యాసిరావు పలికెను.

ఇంజను పూర్తిగా చల్లారినపిమ్మట బండిమూతి మెరకవైపు త్రిప్పి, ముందుచక్రములక్రింద దిమ్మలు పెట్టించి, పాతనీరంతయు వదలి, మూత తీసి, సన్నని ధారగా క్రొత్తనీరు పోసెను. ఇంజనును మెల్లగా నాడనిచ్చి పైగొట్టమును చేతితో నొక్కుచు వదలుచు కాచికొనియుండెను. కొంతసేపటికి గుబుక్కుమని యొక పెనుబుడగ పైకి వచ్చి పగిలెను. నీటిమట్టము జానెడు దిగెను. మరల పోసెను. బుడగలు పూర్తిగా నిలుచునంతవరకు ఆ తపస్సు సాగెను. పిదప మూత బిగించి, తానును లారీలో నెక్కి కూర్చుండెను.

సిమెంటుభారముతో ఆ లారీ మలుపువెంట మలుపుగా ఘాటీ నారోహించుచుండగా సన్యాసిరావు కొండను జూడలేదు, లోయను జూడలేదు. వేడిముల్లునే చూచుచుండెను. అది నడిమిగీటును దాటలేదు. సుంకి చేరినపిమ్మట గౌరునాయుడు ఆనందబాష్పములు తుడుచుకొని, థర్మోస్టాటే మరల చెడిపోయినదని తవిటినాయునితో చెప్పెదననియు, దానితో మావపేరు నిలుచుననియు బలికెను.

“ఇంకో రెండు బళ్లు కూడా ఇలాగే మరిగినాయి. ఆ డ్రైవర్లకి తోలడం రాదని నలుగురిలో తిట్టినాను. ఆళ్లకేటి సెప్పమంతావు?” అని సన్యాసిరావు ప్రశ్నించెను.

మరునాటి యుదయమున లారీయజమానుల సభలో సన్యాసిరావు నిలువబడి, మెరక మాటయు నీరు పోసిన దిక్కు మాటయు దాచక చెప్పి, తాను దూషించిన డ్రైవర్ల నిరువురను పేరుపేరున బిలిచి క్షమింపుడని వేడుకొనెను. వంగి వేడలేదు. నిటారుగా నిలిచియే వేడెను. తీర్పుకై నిలువక యాతడు షెడ్డునకు మరలెను. తన తప్పును తన నోటనే చెప్పుకొనగలవాని గర్వమునకు లోకమున లోటు లేదు గదా.

గడియ గడువకముందే తవిటినాయుడు తన క్రొత్తలారీని స్వయముగా దోలుకొని వచ్చి, ఎవ్వరును చెప్పకయే దానిమూతిని పడమటిమెరకకు నిలిపి, క్రిందికి దిగి, నీళ్లడబ్బాను రెండుచేతులతో సన్యాసిరావున కందించెను.