మానెయ్యమని ఎవరూ అనలేదు

అత్తగారిని ఏదో పరీక్షకు కిందికి తీసుకెళ్లారు. ఆసుపత్రి గదిలో ఆవిడ దిండుకు కోడలు గలీబు మారుస్తుంటే భర్త అన్నాడు, "నువ్వు పెద్ద సెలవే పెట్టెయ్. ఈ జబ్బు సంగతి నీకైతే తెలుసు కదా."

తెలుసు. అదే ఆమె ఉద్యోగం. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సరు వచ్చినవాళ్ల రక్తకణాల్లో ఏ జన్యువు గొంతు చించుకుంటోంది, ఏది నోరు మూసుకుంది అని పరిశోధనశాలలో చూస్తుంది. మొన్నటిదాకా బల్లమీద ఉన్న ఆ జబ్బు ఇప్పుడు అత్తగారి మంచమెక్కి కూర్చుంది. రిపోర్టులో చెడిందన్న జన్యువు, ఆమె ఇన్నేళ్లుగా వెంటపడుతున్నదే. ఆ పేరు చదవగానే, అత్తయ్య బతుకుతుందా అనుకుంది. ఆ వెంటనే, ఈ కణాలు ప్రయోగానికి దొరికితే బాగుండు అనిపించింది. ఆ రెండోదానికి సిగ్గుపడాలో అక్కర్లేదో ఇంకా తేలలేదు.

భర్తది ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చేసే పని. అయినా అతని సెలవు ఊసు ఎవరి నోటా రాలేదు. "నువ్వుండడం మా అదృష్టం వదినా" అని మరిది ఫోన్లో అన్నాడు. పరిశోధనశాల మేడమ్ అయితే, "ఇంత కష్టంలో ఈ పనెందుకమ్మా? నీ ప్రయోగం పక్కబల్ల అతనికి అప్పజెప్పు" అంది. ఆ చెడ్డ జన్యువు పంపే సంకేతాన్ని ఆపే మందు వేస్తే, గిన్నెలో కణాలు మొదటిసారి మామూలు కణాల్లా ఎదిగే గుర్తులు చూపించింది ఈమధ్యే. అందరూ ప్రేమగానే మాట్లాడుతున్నారు, చేతిలోవి మాత్రం ఒక్కొక్కటే జారిపోతున్నాయి. కోపం ఎవరిమీద తెచ్చుకోవాలి? పోనీ, అత్తయ్య దగ్గర ఉండాలని తనకు లేదా? ఉంది. ప్రయోగం వదలకూడదని లేదా? అదీ ఉంది.

అత్తగారిని తీసుకొచ్చి పడుకోబెట్టాక భర్త టీ తాగడానికి వెళ్లాడు.

"లోపల ఏం జరుగుతోందే? డాక్టరు చెబితే తలకెక్కలేదు" అంది ఆవిడ.

"పుట్టిన కణం ఎదిగి ఏదో ఒక పనిలో పడాలి అత్తయ్యా. వీటికేమో పెరగండి, పెరగండి అని ఒకటే కబురు, ఆగకుండా. మంది పెరుగుతారు, ఎదిగేవాడు ఉండడు. పనిచేసేవాటికి చోటు లేకుండా చేస్తాయి."

"మావాడి గురించి చెబుతున్నావేమో అనుకున్నా" అని నవ్వింది అత్తగారు. నవ్వితే ఆయాసం వచ్చింది. ఊపిరి అందాక, "మా అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేను బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. మానెయ్యమని ఎవరూ అనలేదు. నువ్వయితేనే బాగా చూస్తావన్నారు. చూశాను. ప్రేమతోనే చూశాననుకుంటా..." అంది. "ఏమో. అది ప్రేమో, మరొకటో. ఇప్పటికీ తెలీదు."

"నేను పనికి వెళ్తే మీకు బాధగా ఉంటుందా?"

"ఉంటుంది."

వెళ్లమనలేదు. ఉండమనీ అనలేదు. కళ్లు మూసుకుంది.

భర్త తిరిగొచ్చేసరికి ఆమె సంచి సర్దుకుంటోంది. "ఇవాళ్టినుంచి పగలు నువ్వుండు. సాయంత్రం నేనొస్తాను."

"నేనా?" అతను నిజంగానే బెదిరాడు. "వాంతైతే ఏం చెయ్యాలో, జ్వరమొస్తే ఎవర్ని పిలవాలో నాకేం తెలుసు?"

"నాకూ తెలీదు. నేను చూసేది గిన్నెలో కణాల్ని, మంచంమీద మనుషుల్ని కాదు. ఇక్కడికొచ్చాక నర్సుని అడిగి నేర్చుకున్నాను. ఆవిడ బయటే ఉంది, అడుగు."

అతను తల్లివైపు చూశాడు. ఆవిడ కళ్లు తెరవలేదు.

తను చేస్తున్నది తప్పేమోనని లిఫ్టు కిందికి దిగేదాకా ఆలోచించింది. గేటు దగ్గరా ఆలోచించింది. తేలలేదు. తేలకుండానే, పరిశోధనశాలకు వెళ్లే బస్సెక్కింది.