కొంగను తిట్టే పని

గాయపడిన అడవి జీవాలను చేరదీసే ఆ కేంద్రంలో కొంగపిల్ల వయసు డెబ్బై ఒక్క రోజులు. కూలిన చెట్టు కింద దొరికినప్పటి నుంచి దాన్ని ఒక్కడే పెంచాడు. కేంద్రంలో అతన్ని అందరూ కొంగనాన్న అంటారు. మేత పెట్టేటప్పుడు అతను బూడిదరంగు దుప్పటి తల మీదుగా కప్పుకుంటాడు. కుడిచేతికి మేజోడు తొడుక్కుని, దానికి కుట్టిన చెక్క ముక్కుతో చేప అందిస్తాడు. నోరు విప్పడు. మనిషి ముఖం చూస్తూ, మాట వింటూ పెరిగిన పక్షి మనుషుల వెంటే తిరుగుతుంది. దాన్ని బయట వదిలితే ఎవరి వాకిట్లోనో వాలి కుక్క నోట పడుతుంది.

అందుకే విడుదలకు ముందు పరీక్ష ఉంటుంది. గురువారం పదకొండు గంటలకు అటవీశాఖ అధికారి వచ్చి పక్షి వైపు పది అడుగులు నడుస్తాడు. ఆలోపు ఎగిరిపోతే దాన్ని చెరువుకు వదులుతారు. ఎగరకపోతే జీవితాంతం ఆరో నంబరు ఆవరణలో ఉంచుతారు. ఆరో నంబరులో ఒక కొంగ తొమ్మిదేళ్లుగా ఉంది. అది రోజూ పొద్దున వచ్చి తాళం ముందు నిలబడుతుంది. కొంగనాన్న అటుగా వెళ్లడు. స్టోరుకు పోవాలన్నా చుట్టు తిరిగి పోతాడు.

దుప్పటి లేని మనిషి కనిపిస్తే పారిపోవాలని పిల్లకు నేర్పాలి. పరీక్షకు రెండు వారాల ముందు మొదలుపెట్టారు. డ్రైవర్ వెళ్లి చప్పట్లు కొట్టాడు. కొంగ మెడ వంచి చూసింది. డాక్టరమ్మ వెళ్లి, “పో అమ్మా. పోవా? కాస్త పో” అంది.

“బతిమాలితే ఎవరు పోతారండీ?” అన్నాడు డ్రైవర్.

“నువ్వు మాత్రం? చప్పట్లు కొట్టి సన్మానం చేసొచ్చావు.”

ఆ సాయంత్రం కొంగనాన్న వదినను అడిగాడు. వదిన ఇరవై రెండేళ్లు బస్సులో కండక్టరుగా చేసి ఈమధ్యే రిటైరయింది. అన్నయ్య ఇప్పటికీ ఇంట్లో ముందు గది నుంచి వెనక గదికి జరగమంటే జరుగుతాడు.

“కొంగను తిట్టాలా?” అంది వదిన. “అదేం చేసింది పాపం?”

“ఏమీ చేయలేదు వదినా. ఊరికే తిట్టాలి.”

“ఊరికే తిట్టడం నాకు రాదు మరిదీ. తప్పు కనపడాలి.”

మర్నాడు ఆవరణలోకి వెళ్లిన నిమిషంలోనే ఆమెకు తప్పు కనపడింది.

“ఏయ్! తలుపు దగ్గర ఏంటా నిలబడటం? అదీ ఒంటికాలి మీద! పడితే ఎవరిది బాధ్యత? జరుగు, లోపలికి జరుగు! చోటు లేదా? అంత చోటు పెట్టుకుని లేదంటావా?”

కొంగ ఎగిరి పై కొమ్మెక్కింది. బయట ఉన్న డ్రైవర్ కూడా రెండడుగులు లోపలికి జరిగాడు. కొంగనాన్న ఆ రాత్రి కడుపు నిండా తిన్నాడు.

పరీక్ష ఉన్న వారం, సోమవారం పొద్దున డాక్టరమ్మ కొంగను తూచింది. వారంలో ఉండాల్సినదానికన్నా ఎక్కువ పెరిగింది. కొంగనాన్న తాను కొలత ప్రకారమే పెడుతున్నానని ఒట్టేశాడు. అనుమానం వచ్చి, వదిన వచ్చే వేళకు తొట్టి వెనక దాక్కున్నాడు.

వదిన గొంతు గేటు దగ్గర వినిపించగానే కొంగ కొమ్మ దిగింది. పరుగున వచ్చి ఆమె ముందు నిలబడింది. వదిన నాలుగు నిమిషాలు తిట్టింది. కొంగ నాలుగు నిమిషాలూ విన్నది. తర్వాత వదిన అటూ ఇటూ చూసి, హ్యాండ్‌బ్యాగు తెరిచి చేప తీసింది.

“వదినా!”

వదిన చేప వదిలేసింది. కొంగ దాన్ని కింద పడనివ్వలేదు.

“ఎన్నాళ్ల నుంచి?”

“రెండో రోజు నుంచి,” అంది వదిన. “ఏం చేయమంటావు? తిట్టి, కడుపుకు పెట్టకుండా ఇంతవరకు ఎవర్నైనా పంపానా? నిన్ను పంపానా? మీ అన్నను పంపానా?”

“మేం కొంగలం కాదు వదినా! దాన్ని తిడితే అన్నానికి పిలుస్తున్నారనుకుంటోంది. ఎల్లుండి కాక ఆవలెల్లుండి పరీక్ష. పోతే ఇక ఆరో నంబరే.”

వదిన ఆరో నంబరు వైపు చూసింది. అక్కడి కొంగ తాళం ముందు నిలబడి ఉంది. వదిన బ్యాగు మూసింది.

డాక్టరమ్మ గొడుగు తెచ్చి ఇచ్చింది. తిట్టాలి, తిట్టిన వెంటనే పక్షి ముఖం ముందు గొడుగు టప్పున తెరవాలి. చేప లేదు. తిట్టు వినబడితే గొడుగొస్తుందని దానికి తెలియాలి.

“గుండాగి చస్తుంది,” అంది వదిన.

“చావదు. నేనున్నానుగా,” అంది డాక్టరమ్మ.

ఆ సోమవారమే వదిన తిట్టి, గొడుగును రెండు చేతులా పట్టుకుని మెల్లగా తెరిచింది. ఎండగా ఉంది. కొంగ వచ్చి గొడుగు నీడలో నిలబడింది.

“అక్కయ్యా, దాన్ని భయపెట్టండి. పెళ్లికూతురిలా నడిపించకండి,” అన్నాడు డ్రైవర్.

మంగళవారం వదిన కళ్లు మూసుకుని గొడుగు తెరిచింది. కొంగ వలకు తగిలేంత ఎత్తు లేచింది. వదిన బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది. కొంగనాన్న మంచినీళ్లిస్తే తాగలేదు. బుధవారం ఆమె “ఏయ్” అనేసరికి కొంగ పై కొమ్మ మీద ఉంది. గొడుగు తెరవాల్సిన పని పడలేదు.

గురువారం అధికారి పదకొండుకు పది నిమిషాల ముందే వచ్చాడు. గుసగుసగా మాట్లాడే మనిషి. అందరికీ నమస్కారం పెట్టి, బూట్ల చప్పుడు లేకుండా లోపలికి వెళ్లాడు. కొంగనాన్న, డాక్టరమ్మ, వదిన, డ్రైవర్ కంచె బయట నిలబడ్డారు. మాట్లాడకూడదని నియమం.

అధికారి మూడడుగులు వేశాడు. కొంగ కదలలేదు. ఐదు వేశాడు. కొంగ ఈకలు సర్దుకుంది. ఆరో అడుగుకు అతని ఫోన్ మోగింది.

“చెప్పు బంగారం,” అన్నాడు అధికారి.

కొంగ అతని వైపు ఒక అడుగు వేసింది. కొంగనాన్న కంచె పట్టుకున్నాడు.

“ఊఁ. ఊఁ. ఏంటీ? మళ్లీనా? బండి తాళాలు లోపల పెట్టి తలుపేశావా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఎన్నిసార్లు!”

రెండో ‘ఎన్నిసార్లు’ పూర్తయ్యేలోపు కొంగ పై కొమ్మ చేరింది.

అధికారి ఫోన్ జేబులో పెట్టుకుని కాగితం తీశాడు, రాయలేదు. “అరిస్తే ఎవరైనా పారిపోతారు,” అన్నాడు. “మౌనంగా వచ్చేవాళ్ల సంగతేంటి? ఇంకోసారి నడుస్తా.”

ఈసారి నోరు విప్పకుండా, ఫోన్ ఆపేసి నడిచాడు. మూడో అడుగుకే కొంగ ఆ కొమ్మ వదిలి అవతలి మూలకు ఎగిరింది. అతను ఆ మూలకు తిరిగితే ఈ మూలకొచ్చింది. అధికారి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం చెరువు గట్టున పెట్టె తలుపు తీశారు. కొంగ నలభై నిమిషాలు లోపలే ఉంది. ఒక్క మాట అంటే వస్తుందని వదిన అంది. అనొద్దని డాక్టరమ్మ చేయి పట్టుకుంది. తర్వాత అది తనంతట తానే బయటికొచ్చి, ఎగిరి, చెరువు మధ్య రెల్లు దగ్గర దిగింది. నీళ్లలోకి ముక్కు పొడిచింది. ఏమీ రాలేదు. మళ్లీ పొడిచింది. మళ్లీ ఏమీ రాలేదు. కొంగనాన్న రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

మూడోసారి ముక్కులో చేప మెరిసింది.

“మూడోసారికే!” అంది వదిన. “మీ అన్న డ్రైవింగ్ పరీక్ష ఐదోసారికి పాసయ్యాడు.”